ఏడో ఛానెల్లో ఎమ్మెరిఖ్

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి, చనిపోయి మూడేళ్ళయిన మనిషి రేడియోలో మాట్లాడాడు.

హోలెన్‌ఎక్ కొండ మీద ఆ సమయానికి రేడియోలన్నీ ఏడో ఛానెల్ మీదే ఉంటాయి. ఏటా జరిగే అంతర్జాతీయ స్నోబోర్డు పందేలు ఆ శనివారమే. పందెం దారికి గేట్లు పాతేవాళ్ళు, మంచు చదును చేసే యంత్రాలు తోలేవాళ్ళు, లిఫ్టు మనుషులు, అంతా కలిపి నలభై మంది ఆ గొంతు విన్నారు. గరగర లేదు, తడబాటు లేదు.

"ఎమ్మెరిఖ్. మూడో టవర్. నాలుగు, తొమ్మిది, రెండు."

అంతే. తర్వాత నిశ్శబ్దం.

పై స్టేషన్లో లిఫ్టూ కేబుల్ డబ్బాలూ నడిపే ముసలి క్వీరిన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, లిఫ్టు ఆపేసి, టోపీ తీశాడు. మధ్యదారిలో కుర్చీల్లో వేలాడుతున్న ఇటలీ జట్టు ఎన్ని కేకలు వేసినా ఐదు నిమిషాల దాకా మళ్ళీ నడపలేదు. మూడేళ్ళ కిందట మార్చిలో, నోనెన్‌వాండ్ కొండగోడ కింద, రెండు రోజులు తవ్వి ఎమ్మెరిఖ్ రైనర్ శవాన్ని బయటికి తీసినవాళ్ళలో అతనొకడు. ఆ నోట్లో గడ్డకట్టిన మంచుని తన చేత్తోనే తీశాడు. అదే నోటి మాట ఇప్పుడు వినబడింది.

ఎమ్మెరిఖ్ ఆ కొండకి మంచు రక్షణాధికారి. కొత్త మంచు పడ్డ ప్రతి ఉదయం, గోడ మీది గ్యాస్ టవర్లు పేల్చి, మంచు చరియల్ని మనుషులు లేని వేళ దించెయ్యడం అతని పని. ఆ పని ఇప్పుడు అతని భార్య బుర్గల్ చేస్తోంది.

గురువారం మధ్యాహ్నం ఇన్స్‌బ్రుక్‌లో, పియానోలు బాగుచేసే దుకాణం పై అంతస్తులో, ఆల్బిన్ రైనర్ ఆ గొంతు రికార్డింగు మూడుసార్లు విన్నాడు. బల్లకి అవతల హోఫ్రాట్ ట్రాక్స్‌లర్ కూర్చున్నాడు. ఆ గూఢచారి ఆఫీసుకి పేరు లేదు, తలుపు మీద బోర్డు లేదు. కానీ ఆయన్ని సర్కారిచ్చిన బిరుదుతో హోఫ్రాట్ గారూ అనకపోతే మాత్రం మొహం మాడ్చుకుంటాడు.

"మీ అన్న గొంతేనా?"

"మా అన్నదే."

"నీది కాదు కదా?"

ఆల్బిన్ తలెత్తి చూశాడు. హోఫ్రాట్ మొహంలో వేళాకోళం లేదు. అన్నదమ్ముల గొంతులు అంత దగ్గరగా ఉంటాయని ఫైల్లో ఎవరో రాశారన్నమాట. ఫోన్లో వాళ్ళమ్మే పొరబడేది.

"నాది కాదు, హోఫ్రాట్ గారూ. నేను బుధవారం దంతవైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను."

"తెలుసు. కనుక్కున్నాను."

తర్వాత హోఫ్రాట్ పని చెప్పాడు. ఓరియల్ అనే విదేశీ ముఠా ఒకటుంది. అడిగిన ప్రభుత్వాలకి రహస్యాలూ హత్యలూ అమ్మడమే దాని వ్యాపారం. ఆ ముఠా కోడ్ గదిలో తొమ్మిదేళ్ళు పనిచేసిన డాక్టర్ యాద్రాంకా వుకాస్ ఇప్పుడు ఆస్ట్రియా రక్షణలో ఉంది. సోమవారం వియన్నా కోర్టులో నోరు విప్పబోతోంది. ఈలోగా ఒక ఇంట్లో దాక్కోమంటే ఆవిడ వినలేదు. ఆవిడ కూతురు నెవెన్కా, పందొమ్మిదేళ్ళది, హోలెన్‌ఎక్ పందేల్లో పాల్గొంటోంది. తొమ్మిదేళ్ళలో దాని ఒక్క పందెం చూడలేదు, శనివారం చూస్తాను, ఆ తర్వాత ఎవరికి చంపాలనుంటే వాళ్ళని చంపుకోమనండి, అందట.

"తుపాకీతోనో విషంతోనో వస్తే మావాళ్ళు చూసుకుంటారు," అన్నాడు హోఫ్రాట్. "చచ్చినవాణ్ణి వెంటబెట్టుకొస్తే ఎవరు చూసుకోవాలో తెలీక నిన్ను పిలిచాను."

"ఊళ్ళో నన్ను ఎరగనివాళ్ళు లేరు."

"అందుకే గడ్డం."

పెట్టుడు గడ్డంతో పాటు ఒక పెట్టె ఇచ్చాడు. అందులో బోర్డుల అడుగున మైనం కరిగించి రాసే ఇస్త్రీపెట్టె ఉంది. చూడటానికి మామూలుదే. పిడి కింద మూడు చిన్న దీపాలున్నాయి. రేడియో సిగ్నల్ వచ్చే దిక్కుకి తిప్పితే ఒక్కటొక్కటే వెలుగుతాయి. ఆల్బిన్ ఇక నార్వే జట్టుకి మైనం రాసే పనివాడు. అక్కడ కలవవలసిన మనిషి టీవీ వ్యాఖ్యాత రొమీనా కాల్దెరా.

ఆ పేరు వినగానే ఆల్బిన్ చేతిలో ఇస్త్రీపెట్టె బరువెక్కింది.

"ఆవిడ మన మనిషేనా?"

"మనకీ, వాళ్ళకీ. ఎవరికెక్కువో ఆవిడకి కూడా తెలీదనుకుంటా."

ఆల్బిన్ ఎవరికీ చెప్పని సంగతొకటి ఉంది. మూడేళ్ళ కిందట రొమీనా ఎటువైపో ఆఫీసుకి తేలని రోజుల్లో, ఆమె హోలెన్‌ఎక్‌లో మంచు గురించి సినిమా తీస్తోంది. ఆమె కెమెరా ముందు కూర్చున్నది ఎమ్మెరిఖ్. ఆవిడ ఎవరెవరితో మాట్లాడుతోందో కాస్త కనిపెట్టి చెప్పమని ఆల్బిన్ అన్నకి ఫోన్ చేశాడు. నాలుగు నిమిషాల మాట. రెండు వారాలకి ఎమ్మెరిఖ్ గోడ కింద పోయాడు. మంచు చరియ తనంతట తనే జారిందని విచారణలో రాశారు. ఆల్బిన్ ఏమీ రాయలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంత్యక్రియల్లో వదిన పక్కన నిలబడి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊళ్ళో అడుగు పెట్టలేదు.

శుక్రవారం ఉదయం అతను బస్సు దిగినప్పుడు నోనెన్‌వాండ్ వైపు చూడకూడదనుకున్నాడు. కానీ ఆ ఊళ్ళో గోడవైపు చూడకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. నిటారుగా, బూడిదరంగులో, భుజాల మీద కొత్త మంచు వేసుకుని నిలబడి ఉంది. దాని కిందే ఎర్ర గేట్లూ నీలం గేట్లూ రెండు వరసలుగా వాలంతా దిగుతున్నాయి. ఇద్దరు రైడర్లు ఒకేసారి బయలుదేరి, పక్కపక్కనే దూసుకొచ్చే పందెమిది. చిన్నప్పుడు ఆల్బిన్ ఎప్పుడూ ఎర్రవైపే దిగేవాడు, అన్న నీలంవైపు. ఇప్పుడెవరో కుర్రది ఎర్రవైపు ఒంటరిగా సాధన చేస్తోంది. ఆల్బిన్ కళ్ళు మాత్రం ఖాళీగా ఉన్న నీలంవైపే పోయాయి.

జట్ల షెడ్డులోకి వెళ్ళేలోపే వెనకనుంచి ఎవరో పిలిచారు.

"గడ్డం బాగుంది, ఆల్బీ. మీ నాన్నకి అచ్చం ఇలాగే ఉండేది. అంటే ఊరంతా గుర్తుపట్టేస్తుంది."

బుర్గల్. మునుపటికంటే చిక్కింది. భుజానికి తాడు చుట్ట, నడుముకి రేడియో. ఆల్బిన్ చుట్టూ చూసి గొంతు తగ్గించి, "వదినా, నేను ఇక్కడ లేను," అన్నాడు.

"మూడేళ్ళుగా లేవుగా. అలవాటైపోయింది," అని ఆమె తన దారిన పోయింది.

ఊళ్ళోవాళ్ళు బుధవారం సంగతి ఆమెకి చెప్పారో లేదో అతను క్వీరిన్‌ని అడిగాడు. గొంతు వినబడిందని చెప్పాం, మాటలు చెప్పలేదు, అన్నాడు క్వీరిన్. ఏమని చెబుతాం ఆ పిల్లకి, మీ ఆయన అంకెలు లెక్కపెట్టాడనా. ఆమె ఆ పొద్దు లోయలో మందుల షాపులో ఉంది, తన చెవులతో వినలేదు. కొండకి తిరిగొచ్చింది మొదలు, అవసరం లేనప్పుడల్లా రేడియో నోరు నొక్కేస్తోంది. జాలిపడి ఎవరూ ఆమె దగ్గర ఆ ఊసే ఎత్తడం లేదు. ఆ జాలే మర్నాడు ఊరి ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నం పన్నెండుకి ఆల్బిన్ షెడ్డులో ఒక బోర్డుకి మైనం పడుతుండగా గోడకి తగిలించిన రేడియో పలికింది.

"ఎమ్మెరిఖ్. రెండో టవర్. ఏడు, ఒకటి, ఆరు."

ఇన్స్‌బ్రుక్‌లో రికార్డింగు వినడం వేరు. ఇక్కడ, ఈ మైనం వాసనలో, ఈ చలిలో, అన్న మాట వినడం వేరు. పక్కగదిలో ఉన్నాడు, ఇప్పుడే వస్తాడు అన్నంత దగ్గరగా వినిపించింది. మైనం పొగలు కక్కుతోంది. కాలుతున్న వాసన ముక్కుకి తగిలాక గానీ చేతిలో ఉన్నదేమిటో గుర్తు రాలేదు. ఇస్త్రీపెట్టెని గభాలున తిప్పాడు. ఒక దీపం, రెండు, మూడు. మూడూ వెలిగిన దిక్కున, పందెం ముగిసే చోట, ఒకదానికొకటి ఆనుకుని రెండు చెక్కగదులున్నాయి. ఒకటి సమయం లెక్కించే ఇంజినీరుది. రెండోది టీవీ వ్యాఖ్యాతది.

అతను తిన్నగా రెండోదానికే వెళ్ళాడు. మనసులో మూడేళ్ళుగా ఆ తలుపు ముందే నిలబడి ఉన్నాడు మరి.

రొమీనా కాల్దెరా వెండిరంగు కోటులో, చెవిలో చిన్న స్పీకరుతో, కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఎనిమిది దేశాల టీవీల్లో వినబడే గొంతు ఆమెది. నడివయసుకొచ్చినా ఆమె గదిలోకి వస్తే మగవాళ్ళు వెన్ను నిటారు చేస్తారు.

"ఇవాళ బోర్డుకి పసుపు మైనమా, నీలమా?" అన్నాడు ఆల్బిన్.

"మంచు మనసు మార్చుకునే రోజు. రెండూ రాయండి," అందామె. కోడ్ సరిపోయింది. తర్వాత అతని గడ్డం వైపు చూసి, "ఆయనకి ఇంత కోపం మొహం ఉండేది కాదు," అంది.

"సినిమాకి తీసిన ఎమ్మెరిఖ్ టేపులు ఎక్కడున్నాయి?"

"కాల్చేశాను. పదకొండు గంటలు మాట్లాడాడు నాతో. ఆయన పోయాక వినలేక కాల్చేశాను."

"అబద్ధం."

"మీకో నిజం చెప్పనా, రైనర్ గారూ? నామీద కన్నేసి ఉంచమని మీరు పంపిన మూడో రోజే ఆయన నాకు చెప్పేశాడు. మా తమ్ముడు చూడమన్నాడు, నాకిలాంటివి చేతకావు, అందుకని మీకే చెప్తున్నాను అన్నాడు." ఆమె చెవిలోని స్పీకరు సర్దుకుంది. "అంత నిక్కచ్చి మనిషిని గూఢచర్యానికి పంపినవాణ్ణి ఏమనాలి?"

పక్కగది తలుపు తెరుచుకుని ఇంజినీరు తొంగిచూశాడు. పేరు కోర్విన్ వైడా. మర్యాదస్తుడు, బట్టతల, మెడలో గుర్తింపు కార్డు. ఈ గదిలో హీటరు పనిచేస్తోందా మేడమ్ అని అడిగి వెళ్ళాడు. రొమీనా మొహం ఒక్క క్షణం గోడ మీది మంచులా తెల్లబోయింది. అది తన ప్రశ్నల వల్లే అనుకున్నాడు ఆల్బిన్. ఆ సాయంత్రం హోఫ్రాట్‌కి పంపిన కబురులో, కాల్దెరా మీద మనిషిని పెట్టండి, అని రాశాడు. వైడా పేరు రాయలేదు.

శనివారం ఉదయం ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉంది. గోడకి ఎదురుగా ఉన్న గుట్ట మీద మంచు రక్షణ గది. ఆల్బిన్ అక్కడికి చేరేసరికి బుర్గల్, మంచు గట్టిగా అతుక్కున్న నాలుగో టవర్ ఒక్కటి వదిలి, పొద్దుటి పేల్చుళ్ళు ముగించి, తాళాలు వేసి, పుస్తకంలో రాస్తోంది. తలుపు పక్క మేకుకి ఎమ్మెరిఖ్ ఎర్ర కోటు ఇంకా వేలాడుతోంది. జేబులోంచి ఒక చేతితొడుగు సగం బయటికి వచ్చి ఉంది. ఎవరూ దాన్ని లోపలికి తోయలేదు.

కిందనుంచి గంటల మోత, జనం కేరింతలు వినబడుతున్నాయి. నాలుగువేల మంది. వాళ్ళ మధ్యలో, ముందు వరసలో, పచ్చ శాలువా కప్పుకున్న డాక్టర్ వుకాస్. పొద్దుటి పరుగుల్లో కూతురు నెగ్గింది. ఒంటిగంటకి ఆఖరి పందేలు.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఆల్బిన్ ఇక ఉండలేకపోయాడు.

"వదినా, అన్నయ్యని రొమీనా మీద కన్నేసి ఉంచమని చెప్పింది నేను. నా ఆఫీసు పని వాడికి అప్పగించాను. అందుకే చంపేశారు వాణ్ణి. చరియ దానంతట అది పడలేదు."

బుర్గల్ కలం ఆగింది. కిటికీలోంచి గోడవైపు చూసింది. ఆమె ఏడుస్తుందనో కొడుతుందనో అనుకున్నాడు. రెండూ చేయలేదు.

"అది ఇప్పుడు కాదు," అంది. "రేడియోలో ఏమన్నాడు? నాకెవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు. మాటకి మాట."

"రెండో టవర్. ఏడు, ఒకటి, ఆరు."

ఆమె పుస్తకం పేజీ వెనక్కి తిప్పింది. శుక్రవారం పైన ఎర్ర సిరాతో రాసి ఉంది: 716. బుధవారం పైన: 492.

"ఇది రోజు కోడ్," అందామె. "పేల్చే ముందు చెప్పాల్సిన అంకెలు. రోజూ పొద్దున్నే పందెం అధికారుల గదులకీ పంపుతాం."

తర్వాత గబగబా చెప్పింది. మామూలుగా టవర్ పేల్చడానికి ఇద్దరు మనుషులు, రెండు తాళాలు కావాలి. కానీ అత్యవసరమైతే ప్రధానాధికారి గొంతు ఒక్కటే చాలు. రేడియోలో తన పేరు, టవరు, ఆ రోజు అంకెలు చెబితే యంత్రం గొంతుని పోల్చుకుని పేలుస్తుంది. ఆ యంత్రం ఎరిగిన గొంతు ఇప్పటికీ ఎమ్మెరిఖ్‌దే. బుర్గల్‌ని మూడేళ్ళుగా తాత్కాలిక అధికారిగానే ఉంచారు, ఆమె గొంతు ఎక్కించలేదు. అతని గొంతు తీసెయ్యమని ఆమె అడగనూ లేదు. బుధ, శుక్రవారాల్లో యంత్రాన్ని ఉత్తుత్తి సాధన మీద ఉంచారు కాబట్టి పేలలేదు, ఇవాళ నిజంగానే పేలుస్తుంది. అవి రెండూ రిహార్సల్సే.

"తీసెయ్యి ఇప్పుడు."

"గొంతు తీసెయ్యడమైనా, సాధనకి మార్చడమైనా ఇక్కడ కుదరదు. ఇన్స్‌బ్రుక్‌లో చెయ్యాలి, అక్కడ శనివారం సెలవు. కరెంటు తీసినా లాభం లేదు. టవర్లకి సొంత బ్యాటరీలున్నాయి."

ఆల్బిన్ హోఫ్రాట్‌కి ఫోన్ చేశాడు. జనాన్ని ఖాళీ చేయించండి అన్నాడు హోఫ్రాట్. బుర్గల్ అడ్డంగా తలూపింది. ఉన్న దారి ఒక్కటే, అది గోడ కిందనుంచే పోతుంది. నాలుగువేల మందిని అటు తోలితే చరియ నోట్లోకి తోలినట్టే. మరి వుకాస్‌ని ఒక్కదాన్నైనా తప్పించమని అంటూండగానే, పైన ఆరంభ గేటు దగ్గర నెవెన్కా వుకాస్ ఎర్ర చొక్కాలో వచ్చి నిలబడింది. కింద తల్లి లేచి నిలబడింది.

ఏడో ఛానెల్ పలికింది.

"ఎమ్మెరిఖ్. నాలుగో టవర్. మూడు, మూడు, ఎనిమిది."

గదిలోని యంత్రం కిచకిచలాడింది. తెర మీద అక్షరాలు: ఆదేశం అందింది. గ్యాస్ నిండుతోంది. తొంభై సెకన్లు.

"రద్దు ఎలా?"

"పేల్చమన్న గొంతే ఆపమనాలి. అంకెలక్కర్లేదు. పేరు, ఆపు. అంతే." ఆమె అతని వైపు తిరిగింది. అడగలేదు. అడగవలసిన అవసరం ఇద్దరికీ లేదు.

ఆల్బిన్ రేడియో తీసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి తీసే తీరు, మాటకి ముందు చిన్న విరామం, అన్నీ అతనికి తెలుసు. "ఎమ్మెరిఖ్. ఆపు."

తెర: గొంతు కలవలేదు.

బుర్గల్ చెవులకి అది అచ్చం ఎమ్మెరిఖే. అతను మళ్ళీ అన్నాడు, ఇంకా మెల్లగా, ఇంకా లోతుగా. అన్నతో జీవితమంతా పోల్చారు అందరూ, యంత్రం మాత్రం ఒప్పుకోలేదు.

గొంతు కలవలేదు. ఒక్క అవకాశం మిగిలింది. యాభైరెండు.

"ఇంక వద్దు. మూడోసారి తప్పితే అది అసలు వినదు."

కింద గేట్లు తెరుచుకున్నాయి. ఇద్దరు పిల్లలు ఎర్రమీదా నీలంమీదా దూకారు. జనం గంటలు మోగించారు.

పందెం అధికారులూ వ్యాఖ్యాతలూ వినేది ఒకటో ఛానెల్. ఆల్బిన్ వేళ్ళు అటు తిప్పాయి. అక్కడ మాట్లాడితే ఎవరెవరు వింటారో అతనికి తెలుసు. పక్కగదిలో హీటరు గురించి అడిగిన బట్టతల మనిషి గుర్తొచ్చాడు, అతన్ని చూసి తెల్లబోయిన మొహం గుర్తొచ్చింది. తను ఎవరిని అనుమానించాలో అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవర్ని నమ్మాలో కూడా.

"రొమీనా, ఆ టేపులు నువ్వు కాల్చలేదు. కాల్చలేవు. ఏడో ఛానెల్లో వాడి పేరు, ఆపు అన్న మాట కావాలి. నలభై సెకన్లుంది. ఈ లోకంలో వాడు చేసే పని ఇదొక్కటే మిగిలింది."

ఆ క్షణంలో ఎనిమిది దేశాల టీవీల్లో వ్యాఖ్యానం ఆగిపోయింది.

ముప్ఫై. ఇరవైఐదు. గోడ మీద నాలుగో టవర్ మూతి దగ్గర గాలి ఎండమావిలా కదలడం బుర్గల్ దూరదర్శినిలో చూసింది. పదిహేను. ఆమె మేకు దగ్గరికి వెళ్ళి, ఎర్ర కోటు చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎందుకో తనకే తెలియదు.

తొమ్మిదికి రేడియో గరగరమంది. ఏదో పడ్డ చప్పుడు, ఒక ఆడగొంతు నొప్పితో మూలగడం, తర్వాత ఒక నవ్వు. ఎండలో కూర్చున్న మనిషి నవ్వు.

"ఇదిగో, ఎమ్మెరిఖ్ చెప్తున్నాడు. ఆపు."

తెర మీద అంకె నాలుగు దగ్గర నిలిచిపోయింది. ఆదేశం రద్దయింది.

నాలుగో టవర్ లోంచి కాలని గ్యాస్ సన్నటి పొగలా లేచి, నీలాకాశంలో కలిసిపోయింది. కింద నెవెన్కా ఆఖరి గేటు దాటింది. తల్లి పచ్చ శాలువా గాల్లోకి విసిరింది.

చెక్కగదిలో జరిగింది తర్వాత తెలిసింది. రొమీనా తన సంచిలోంచి చిన్న రికార్డరు తీసింది. వెతుక్కోలేదు. ఏడో గంట పద్నాలుగో నిమిషం. ఆ చోటు ఆమెకి కంఠతా వచ్చు. వైడా తలుపు తన్నుకుని వచ్చి పిస్తోలు పిడితో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. ఆమె రెండో చేత్తో రేడియో మీట వదలకుండా పట్టుకుంది. ఆమెని కాపలా కాయడానికి హోఫ్రాట్ పెట్టిన మనిషి అప్పుడు గానీ లోపలికి దూరలేదు. వైడా అతన్ని తోసేసి, జనంలో కలిసి, లోయకి దిగే కేబుల్ డబ్బా ఎక్కేశాడు.

గుట్ట మీదనుంచి బుర్గల్ అంతా చూస్తోంది. ఫోన్ తీసింది.

"క్వీరిన్ బాబాయ్, పన్నెండో డబ్బాలో బట్టతలాయన ఒక్కడే దిగుతున్నాడు. లోయ మధ్యకి రాగానే నిలిపెయ్యి."

"ఎంతసేపమ్మా?"

"పోలీసులు భోంచేసి నింపాదిగా వచ్చేదాకా."

వైడా రెండు గంటల పది నిమిషాలు గాల్లో వేలాడాడు. కిటికీలోంచి ఆఖరి పందేలన్నీ కనిపిస్తాయి అక్కడికి.

సాయంత్రం ప్రథమచికిత్స గదిలో రొమీనా చేతికి కట్టుతో కూర్చుంది, పక్కన ఒక పోలీసు. ఆల్బిన్ అడక్కుండానే చెప్పింది. మూడేళ్ళ కిందట ముఠా తనని అనుమానిస్తే, ఎమ్మెరిఖ్ ఆరాలు తీస్తున్నాడని పేరు చెప్పి తను తప్పించుకుంది. పోయిన వేసవిలో టేపులు ఇస్తావా చస్తావా అంటే నకలు ఇచ్చింది. బుధవారం ఆ టేపుల్లోంచి మాటలు ఏరి అతికించిన గొంతు విన్నాక అది ఎందుకో అర్థమైంది, భయపడి నోరు మూసుకుంది. తప్పు తనది ఎంత, అతనిది ఎంత అని ఇద్దరూ లెక్క వేసుకోలేదు.

బుర్గల్ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఆ మాటన్నప్పుడు నవ్వుతున్నాడు. ఎందుకు?"

రొమీనా కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "మేకతో అన్నాడు. నా మైకు తొడుగు నమిలేస్తోంది."

"తెల్లదా? ఒక కొమ్ము విరిగింది?"

"అవును."

"బార్బరా," అంది బుర్గల్. "మా అత్తగారి మేక. ఎవరి మాటా వినేది కాదు." పెదవుల మీదికి వచ్చిన నవ్వు కళ్ళ దాకా పోయి అక్కడ వేరే రూపం తీసుకుంది. ఆమె బయటికి వెళ్ళిపోయింది.

నెవెన్కా నాలుగో స్థానంలో వచ్చింది. కూతురు మోకాలు సరిగ్గా వంచలేదని డాక్టర్ వుకాస్ వియన్నా దాకా కారులో గొణుగుతూనే ఉందట. ఆ నలభై సెకన్ల నిశ్శబ్దం గొప్ప వ్యాఖ్యాన సంయమనమని ఒక పత్రిక మెచ్చుకుంది.

ఆదివారం పదకొండుంపావుకి ఆల్బిన్ మైనం పెట్టెతో బస్టాపులో నిలబడ్డాడు. గడ్డం లేదు. ఈసారి గోడవైపు తిరిగే నిలబడ్డాడు. బస్సు మలుపు తిరుగుతుండగా పాత జీపొకటి వచ్చి అతని ముందు ఆగింది.

బుర్గల్ దిగలేదు. స్టీరింగు మీద చేతులుంచి, ఎదురుగా చూస్తూ మాట్లాడింది.

"కొండ మీద బతికేవాళ్ళం, పోతాం. ఎవడో చంపితే పోతాం, ఎవడూ చంపకపోయినా పోతాం. వాణ్ణి నువ్వు పంపావు. అది నేను మోస్తాను, నువ్వూ మొయ్యి. కానీ మూడేళ్ళు, ఆల్బీ. ఒక్క ఫోను లేదు. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే వాడి పేరు పలికేదాన్ని."

అతను ఏదో అనబోయాడు. బస్సు హారన్ కొట్టింది. ఆమె పక్క సీటు మీది తాడు చుట్ట తీసి వెనక్కి విసిరింది.

"ఎక్కు. రొట్టెతో క్నోడెల్ ఉండలు ఎనిమిది చేశాను. క్షమించానని అనుకోకు. ఎండు రొట్టె ఎక్కువ మిగిలింది, అంతే."